ఆకుపచ్చ దారం కుక్కపిల్ల

మా శంషాబాద్‌లో విమానాలు ఇంకా దిగని రోజుల్లో, అంటే నా చిన్నప్పుడు, ఊరి మీద ఎప్పుడు చూసినా ఎర్రదుమ్ము లేస్తూ ఉండేది. ఎయిర్‌పోర్టు కోసం నేల చదును చేస్తున్నారు. టిప్పర్లు పోయే దారి పక్కనే మా బడి కావడంతో తరగతి కిటికీలు ఎండాకాలంలో కూడా మూసే ఉంచేవాళ్ళు. నేనప్పుడు ఆరో తరగతి. ఇప్పుడు నా కూతురు ఆరో తరగతి. మొన్న అది బడి నుంచి వచ్చి, తన స్నేహితురాలికి డాన్సులో కప్పు వచ్చిందని చెబుతూ చెబుతూ మొహం పక్కకు తిప్పుకుంది. అలా తిప్పుకోవడం ఏమిటో నాకు బాగా తెలుసు. దానికి ఆ పూట ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను. చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

మాది చర్చి వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. అమ్మ దవాఖానలో ఆయా. నాన్న లారీ డ్రైవరు, వారానికో పది రోజులకో ఇంటికొచ్చేవాడు. నన్ను పెంచింది దాదాపుగా మా తాతే. తాతకు చదువు రాదు. వయసంతా ఇతరుల పొలాల్లో చేసి, ఆ పొలాలు పోయాక సాతంరాయి దగ్గర ఒక తోటలో పనికి కుదిరాడు. తోటంటే ఒక పది మామిడి చెట్లు, మధ్యలో పెంకుటిల్లు, చుట్టూ ఎత్తు గోడ. ఆ గోడల మధ్య గ్రేట్ డేన్ జాతి కుక్కలు నాలుగు తిరుగుతుండేవి. మామూలు కుక్కలు కావు. దూడలంత ఉండేవి. పక్కన నిలబడితే వాటి తల నా భుజం దాకా వచ్చేది.

తోట యజమానురాలు పాతబస్తీ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక ముస్లిం పెద్దావిడ. ఊళ్ళో అందరూ ఆమెను ఆపా అనేవాళ్ళు, అంటే అక్క. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవడమే కష్టం ఆమెకు. కానీ ఏ కుక్క తల్లి ఎవరు, అమ్మమ్మ ఎవరు, ఎవరికి ఏ జబ్బు ఉండేది, అన్నీ నోటికే ఉండేవి. రెండేళ్ళకోసారి మాత్రమే ఒక ఈత వేయించేది. అంతకు ముందు తల్లికీ తండ్రికీ తుంటి ఎముకలు ఎక్స్‌రే తీయించేది. ఇంత పెద్ద జాతి కుక్కలకు ఆ ఎముక గుంతలో సరిగ్గా కుదరకపోతే పెద్దయ్యాక నడవలేవట, ఆ లోపం పిల్లలకూ వస్తుందట. పిల్ల కావాలని కార్లలో వచ్చిన వాళ్ళకు ముందు పిల్లల్ని చూపించేది కాదు. ఆ ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుతురుకు పట్టి చూపించేది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టేది. ఇంట్లో ఎవరెవరున్నారు, పగలు ఎవరుంటారు, ఎక్కడ పడుకోబెడతారు, ఊరికి పోతే ఎవరు చూస్తారు. పిల్లనిచ్చే తండ్రి కూడా అన్ని అడగడు. కొందరు కోపమొచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. ఆపా వాళ్ళను వెనక్కి పిలిచేది కాదు.

ఆ ఏడాది ఎనిమిది పిల్లలు పుట్టాయి. ఏది ఏదో తెలియడానికి మెడకు ఒక్కో రంగు ఊలు దారం కట్టాం. శనివారాలు ఒంటిపూట బడి అయిపోగానే నేను తోటకు పోయి గిన్నెలు కడిగేదాన్ని. తాత ఒక్కో పిల్లను తక్కెడలో పెడితే నేను బరువు చదివి నోట్‌బుక్కులో రాసేదాన్ని. మిగతా ఏడూ ఒకదాని మీద ఒకటి పడి కొట్లాడుకుంటుంటే, ఆకుపచ్చ దారం పిల్ల మాత్రం ఒక పక్కన కూర్చుని అంతా చూసేది. చూసి చూసి, లేచి వచ్చి నా పాదం మీద పడుకునేది. దాని పొట్ట వేడిగా ఉండేది. కాలు తిమ్మిరెక్కినా నేను కదిలేదాన్ని కాదు. అది నాదే అనుకున్నాను. నాదని ఎవరూ అనలేదు, నాకు నేనే అనుకున్నాను.

ఒకరోజు తోట నుంచి ఇంటికి నడుస్తుంటే తాతను అడిగేశాను. మనం ఒకటి తెచ్చుకుందాం, పచ్చ దారంది, ఆపా నీకు కాదనదు అన్నాను. తాత నడక ఆపి నా వైపు తిరిగాడు.

"మనం ముగ్గురం పండుకుంటెనే కాళ్లు చాపరాదు బిడ్డా. అది ఏడాదికి నా ఎత్తు లేస్తది. యాడ తిప్పాలె దాన్ని? ఇల్లు కిరాయికిచ్చినాయన అసలే ఒప్పుకోడు. నీకు దాని మీద ప్రేమున్నది, నాకెరుకే. మనకు జాగ లేదు."

నేను ఏడవలేదు. ఇంటికి పోయాక అన్నం మాత్రం తినలేదు.

ఇంజనీరు గారి అమ్మాయి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాళ్ళ నాన్న ఎయిర్‌పోర్టు పనుల మీద కాకినాడ వైపు నుంచి వచ్చాడు. ఆ పిల్ల ఏడాది మధ్యలో మా బడిలో చేరింది. టీచరు తెచ్చి నా బెంచీ మీదే కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచే నాకు ఆమె మీద కుళ్ళు మొదలైంది. ఆమె చెడ్డదైతే నాకు సుఖంగా ఉండేది. కానీ ఆమె మంచిది. కంపాస్ బాక్సులో ఏది అడిగినా ఇచ్చేది. టిఫిన్‌లో సగం నా వైపు జరిపేది. ఆమె జరిపిన కొద్దీ నాకు మండేది. నేను 'ఏంది' అంటే తరగతిలో ఎవరికీ ఏమీ అనిపించదు. ఆమె 'ఏమిటండీ' అంటే టీచరు మొహం వెలిగిపోయేది. అంతకంటే పెద్ద గాయం చేతిరాత. ఐదేళ్ళుగా తరగతిలో అందరికంటే గుండ్రంగా రాసేది నేనే. ఆమె వచ్చిన నెలకు నల్లబల్ల మీద మంచిమాట రాసే పని ఆమెకిచ్చారు. చాక్‌పీసు ఆమె చేతిలోకి పోయిన రోజు నేను కడుపునొప్పని చెప్పి ప్రార్థనకు పోలేదు.

కుక్కపిల్లలకు ఆరు వారాలు నిండిన శనివారం నేను తోటలో గిన్నెలు తోముతుంటే గేటు ముందు కారు ఆగింది. ఇంజనీరు గారు దిగారు, వెనకే ఆ పిల్ల. నన్ను చూసి ఆశ్చర్యంగా, "నువ్విక్కడ పనిచేస్తావా?" అని అడిగింది. అందులో వెక్కిరింత లేదు. ఉండుంటే తిట్టి పారేసేదాన్ని. బూడిద చేతులు వెనక్కి దాచుకుని లోపలికి పోయాను.

కిటికీ సందులోంచి అంతా చూశాను. ఆపా ఎప్పటిలాగే ఫిల్ము చూపించింది, ప్రశ్నలడిగింది. ఇంజనీరు గారికి అన్నిటికంటే పెద్ద పిల్ల కావాలి. ఆపా తల అడ్డంగా ఊపింది. పెద్దది కాదు, మీ ఇంటికి సరిపోయేది ఇస్తాను, ఏది సరిపోతుందో నేను చూస్తాను, మీ అమ్మాయిని నేల మీద కూర్చోమనండి అంది. ఆ పిల్ల కొత్త గౌను అని కూడా చూసుకోకుండా మట్టిలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎవరినీ పిలవకుండా ఊరికే కూర్చుంది. ఏడు పిల్లలు వచ్చి రిబ్బన్లు పీకి, బూటు లేసులు కొరికి పోయాయి. ఆకుపచ్చ దారం పిల్ల దూరంగా కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత లేచి మెల్లగా వచ్చి ఆమె బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది.

"వీళ్ళకు పచ్చ దారందే," అంది ఆపా మా తాతతో.

ఆ మాట విన్నాక నేను కుక్క మీద కూడా అలిగాను. ఇన్ని రోజులు నా పాదం మీద పడుకున్నది, ఒక్కపూటలో ఆమె పాదం మీద ఎలా పడుకుంది? ఆ సాయంత్రం బరువు చూసేటప్పుడు దాన్ని ముట్టుకోలేదు.

ఆపా దగ్గర ఒక నియమం ఉండేది. పిల్లను ఇచ్చే ముందు ఆ ఇల్లు చూసి రావాలి. ఆమె నడవలేదు గనుక ఎప్పుడూ మా తాతే పోయి చూసొచ్చి నోటితో చెప్పేవాడు. ఈసారి మాత్రం నన్ను రమ్మన్నాడు. నోట్‌బుక్కు, పెన్సిలు పట్టుకోమన్నాడు.

"నాకు కండ్లు జర మసకైనయి. ఇల్లు నువ్వు చూడు. దానికి ఏది మంచిది కాదో గదే రాయి. మంచిగ లేదు అని నువ్వంటే ఆపాకు నేను గదే చెప్త. పిల్లను ఇయ్యరు."

తాత కళ్ళు మసకబారాయన్న మాట నేను అంతకు ముందు విననేలేదు. అప్పుడు ఆ సంగతి ఆలోచించలేదు. నా చేతిలో పెన్సిలుంది, దాంతో ఆ పిల్లకు కుక్క రాకుండా చేయొచ్చు. దారంతా నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

వాళ్ళది బెంగళూరు రోడ్డుకు కొంచెం లోపలగా, కిరాయికి తీసుకున్న పెద్ద ఇల్లు. వాళ్ళ ఇంటి యజమాని కుక్కను ఒప్పుకుంటూ కాగితం రాసిచ్చాడని వినగానే నాకు మళ్ళీ ఒకసారి మండింది. ఇల్లంతా తిరిగాను. నా జీవితంలో అంత శ్రద్ధగా దేన్నీ చూడలేదు. హాల్లో మార్బుల్ నున్నగా జారుతోంది, ఎదిగే కుక్కపిల్ల కాళ్ళు పక్కలకు జారితే తుంటి పాడైపోతుందని ఆపా చెబుతుండేది. రాశాను. మేడ మెట్లకు అడ్డం లేదు, పెద్దజాతి పిల్ల ఏడాది దాకా మెట్లు ఎక్కి దిగకూడదు. రాశాను. గేటు కడ్డీల మధ్య సందు ఎక్కువ. వంటింటి మూల ఎలుకల మందు. పెరటి గోడ పక్కన గన్నేరు, నమిలితే విషం. కుక్క కోసం కొన్న రేకుల గూడు పడమటి ఎండలో ఉంది. మేకుకు గొలుసు తగిలించి ఉంది, ఆపా కట్టేసే ఇంటికి పిల్లనివ్వదు. మందుల షాపులో కొన్న ఎముకల పొడి డబ్బా ఉందా అని కూడా వెతికాను, మందుల అర మీద బలం టానిక్కు దొరికింది, అదీ రాశాను. తొందరగా పెరగాలని ఇలాంటివి పోస్తే ఎముకలు వంకరపోతాయి. ఇంకో రెండు చిన్న తప్పులు కూడా దొరికాయి.

చివరికి అసలైనది దొరికింది. ఇంజనీరు గారి అమ్మ, ఆ పిల్ల మామ్మ అని పిలిచే ఆవిడ, పగలంతా ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆవిడకు కుక్కలంటే చచ్చేంత భయం. వీధి కుక్క మొరిగినా తలుపు వేసుకుంటుందట. ఇక పోయినట్టే అనుకున్నాను. పేజీ చివర నా గుండ్రని రాతలో, 'మామ్మ గారికి కుక్కలంటే భయం' అని రాసి కింద గీత కూడా గీశాను.

తాత చదివి వినిపించమన్నాడు. హాల్లో నిలబడి గట్టిగా చదివాను. పదకొండు తప్పులు. ఇంజనీరు గారు కోప్పడతారనుకున్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, "కొంచెం నెమ్మదిగా చదవమ్మా, రాసుకుంటాను," అన్నారు. చదవడం అయ్యాక మా తాత వైపు తిరిగి, ఈ అమ్మాయి మా సైటులో తనిఖీకి వస్తే బాగుండేదండీ అన్నారు. అది పొగడ్తో కాదో నాకు అర్థం కాలేదు. నా పక్కన బెంచీ మీద కూర్చునే పిల్ల మాత్రం నోట్‌బుక్కులోకి తొంగి చూసి, నీ రాత ఎంత బాగుందో అంది. ఆ మాట కూడా నాకు గుచ్చుకుంది.

తర్వాత రెండు వారాలు నా కుళ్ళు ఇంకా పెరిగింది. ఎందుకంటే నేను రాసిన ఒక్కో తప్పునూ వాళ్ళు సరిచేస్తూ పోయారు. రోజూ బెంచీ మీద ఆ పిల్ల నాకే వచ్చి చెప్పేది. హాలంతా గోనె పట్టాలు పరిచాం. గన్నేరు పీకించాం. గేటుకు జాలీ కొట్టించాం. గూడు అమ్మేశాం, నా మంచం పక్కనే పడుకుంటుంది. ఆమె చెబుతున్నంతసేపు నేను లెక్కల పుస్తకంలో తల పెట్టుకునేదాన్ని. నా కసితో నేనే వాళ్ళ ఇంటిని కుక్కపిల్ల కోసం తయారు చేసిపెడుతున్నాను.

మామ్మ గారి విషయంలో మాత్రం నాకు ఆశ ఉండింది. భయానికి ఏ జాలీ కొట్టిస్తారు? కానీ ఆ వారం బడి కాగానే రోజూ తోటకు పోతుంటే, మూడో రోజు సాయంత్రం గేటు ముందు ఆటో ఆగింది. తెల్లచీర కట్టుకున్న ఆవిడ వణుక్కుంటూ దిగింది. ఆపా తన పక్కన కుర్చీ వేయించింది. తల్లికుక్కను గోడ అవతల ఉంచారు. ఆ రోజు ఇద్దరూ కుక్క గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. మోకాళ్ళ నొప్పులకు ఏ నూనె మంచిదో మాట్లాడుకున్నారు. మరునాడు తల్లికుక్క జాలీ తలుపు దగ్గర ఉంది. ఆ తర్వాత రోజు ఇరవై అడుగుల దూరంలో. వారం తిరిగేసరికి ఆ దూడంత కుక్క వచ్చి ఆవిడ ఒళ్ళో తల పెట్టింది. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక వేలితో దాని నుదురు తాకింది. ఆపా నవ్వింది. నేను చెట్టు చాటున నిలబడి పళ్ళు కొరుక్కున్నాను. ఒక ముసలావిడ భయం పోగొట్టుకున్నందుకు కోపం తెచ్చుకున్నదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నేనేమో.

పిల్లను ఇచ్చే ముందు గురువారం తాతా నేనూ మళ్ళీ పోయి ఇల్లు చూశాం. పదకొండూ సరి అయ్యాయి. ఒక్కోదాని పక్కన నేనే టిక్కు పెట్టాను. చివరగా పెరట్లోకి పోయాను. బట్టలుతికే బండ పక్కన పూలకుండీలు వరసగా పెట్టి ఉన్నాయి. గోడకు కన్నాలేమైనా ఉన్నాయేమోనని వాటి వెనక్కి పోతే నా కాలి కింద నేల మెత్తగా కుంగింది. చూస్తే అది నేల కాదు, చెక్క. ఇల్లు కట్టినప్పుడు నీళ్ళ కోసం తవ్విన పాత సంపు మీద సెంట్రింగు చెక్క మూసి, దాని మీద కుండీలు పెట్టారు. చెక్క నాని ఉబ్బిపోయింది. ఒక మూల పూర్తిగా చివికి, పుచ్చకాయంత కన్నం పడి ఉంది, దానికి అడ్డంగా ఒక కుండీ. కన్నంలోంచి చూస్తే చాలా లోతున నీళ్ళు మెరిశాయి.

కుక్కపిల్లలు తవ్వుతాయి. కుండీలు తోస్తాయి. ఎనిమిది పిల్లల్ని రెండు నెలలు చూసినదాన్ని, ఆ సంగతి నాకు తెలియదా.

తాత కొంచెం దూరంలో గోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇంకేమన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు.

నేను నోట్‌బుక్కు మూశాను. "ఏం లేదు తాతా."

తాత నా మొహం కొంచెంసేపు చూశాడు. తర్వాత మళ్ళీ అడిగాడు, మెల్లగా, "బాగ చూసినవా?"

"చూసిన. అంత మంచిగనే ఉన్నది."

సరే పోదాం పా అన్నాడు. ఆ దారంతా ఆయన వెనక నడిచాను. కుక్కపిల్ల చచ్చిపోవాలని నేను అనుకోలేదు, ఈ మాట ఇప్పటికీ గట్టిగా చెప్పగలను. కానీ ఏదో ఒకటి జరగాలనుకున్నాను. ఏదో జరిగి వాళ్ళు దాన్ని సరిగ్గా చూసుకోలేదని తేలాలి, ఆపా దాన్ని వెనక్కి తెప్పించాలి, అది మళ్ళీ నా పాదం మీద పడుకోవాలి. పిల్లల బుర్రలో ఇలాంటి లెక్కలు ఎంత తేలిగ్గా సాగుతాయో పెద్దయ్యాక మర్చిపోతాం.

శనివారం వాళ్ళొచ్చి తీసుకుపోయారు. ఆపా టీకాల కార్డు ఇచ్చింది, ఏ పూట ఎంత తిండి పెట్టాలో కాగితం ఇచ్చింది, తల్లి పడుకునే గుడ్డలోంచి ఒక ముక్క చింపి ఇచ్చింది, కొత్త చోట ఆ వాసన ఉంటే ఏడవదని. చివరగా ఇంజనీరు గారి చెయ్యి పట్టుకుని, ఎప్పుడన్నా మీవల్ల కాకపోతే రోడ్డు మీద ఇడువకుండ్రి, ఎన్ని ఏండ్లయినా సరే, నా దగ్గరికే తీస్కరండ్రి అంది. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, మెడలో ఉన్న ఆకుపచ్చ దారం నువ్వే విప్పు అంది. నాకు చేతకాదన్నాను. తాత విప్పాడు.

ఆదివారం చర్చిలో అందరూ పాడుతుంటే నేను పాటల పుస్తకం తెరవలేదు. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, జ్వరం లేదు.

సోమవారం పొద్దున ఆ పిల్ల బెంచీ మీద కూర్చుంటూనే మొదలుపెట్టింది. రాత్రి ఒక్కసారే ఏడ్చింది, పట్టాల మీద పరుగెడుతోంది, మామ్మ చేతి అన్నమే తింటోంది. నేను వింటున్నట్టు వినకుండా ఉన్నాను. తర్వాత ఆమె అంది, "దానికి పెరట్లో పూలకుండీల దగ్గర చల్లగా ఉంటుందే. పొద్దున్నించీ అక్కడే, మట్టి తవ్వడం, కుండీ తోయడం. మామ్మ ఎంత పిలిచినా రాదు."

ఆ తర్వాత టీచరు ఏం చెప్పిందో నాకు తెలియదు. నల్లబల్ల మీద అక్షరాలు కనిపించలేదు. ఆ కన్నం, లోతున మెరిసిన నీళ్ళు, పాదం మీద పడుకున్నప్పటి ఆ పొట్ట వేడి, ఇవే. మధ్యాహ్నం గంట కొట్టగానే టిఫిన్ డబ్బా అక్కడే వదిలేసి గేటు దాటాను. చెప్పు ఒకటి టిప్పర్ల దారిలో ఊడిపోయింది, ఆగలేదు. ఎండకు తారు కాలుతోంది. ఎంత దూరమో ఇప్పుడు చెప్పలేను, అప్పుడు మాత్రం ఆ రోడ్డు తరగలేదు.

మామ్మ గారు తలుపు తీసే లోపే పక్క సందులోంచి పెరట్లోకి పోయాను. కుండీ పక్కకు ఒరిగి ఉంది. కన్నం బయటపడి ఉంది. కుక్కపిల్ల లేదు.

మోకాళ్ళ మీద పడి ఆ చెక్క అంచు రెండు చేతులా పట్టి లాగాను. నానిన చెక్క ముక్కలుగా ఊడి వచ్చింది. కింద ఇనుప జాలీ ఉంది. సంపు నోటికి నాలుగు వైపులా సిమెంటులో బిగించి, నల్లరంగు వేసి, కొత్తది. నేనే దాని మీద నిలబడినా కదలనంత గట్టిది. నాకేమీ అర్థం కాలేదు. ఆ జాలీ మీదే చేతులు ఆనించి కూర్చుండిపోయాను.

వెనక నుంచి మామ్మ గారు వచ్చారు. ఆవిడ చీర కుచ్చిళ్ళ పక్కన ఆకుపచ్చ దారం పిల్ల, ఇప్పుడు దారం లేదు, నన్ను చూసి ఒక క్షణం కూర్చుంది. తర్వాత లేచి వచ్చింది.

"వచ్చావా అమ్మా," అన్నారు మామ్మ గారు, నన్నే ఎదురుచూస్తున్నట్టు. "శుక్రవారం మీ తాతగారు వెల్డింగ్ ఆయన్ని వెంటబెట్టుకొచ్చి ఇది బిగించి వెళ్ళారు. పైన చెక్క మాత్రం మళ్ళీ ఉన్నట్టే పెట్టమన్నారు. ఎందుకండీ, తీసి పారేయొచ్చుగా అంటే, దాన్ని తీయడానికి ఒకళ్ళు వస్తారు, వాళ్ళే తీస్తారు అన్నారు. ఎవరో చెప్పలేదు."

ఆవిడ నా కాలు చూసి, చెప్పు ఏదమ్మా అని అడిగి, లోపలికి తీసుకుపోయి నీళ్ళు పోసి కడిగింది. నేను అప్పుడు ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో ఆవిడ అడగలేదు.

ఆ పూట బడికి మళ్ళీ పోలేదు. నేరుగా తోటకు పోయాను. తాత మామిడి చెట్టు కింద గిన్నెలు తోముతున్నాడు. శనివారాలు నేను తోమేవి. ఆయన ముందు నిలబడ్డాను.

"తాతా, ఆ సంపు నేను చూసిన. చూసే రాయలే."

"ఎరుకే."

"మరి నన్ను కొట్టవైతివి."

తాత గిన్నె బోర్లించి, చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "కొడితె నాకు భయపడి చెప్తువు. దానికోసం ఉరికొస్తవా లేదా అని చూసిన. నీ కండ్లు మస్తు మంచివి బిడ్డా. ఓర్వలేక చూసినవు, గందుకే అన్ని కనబడ్డయి. ఆపాకే కనబడనివి కనబడ్డయి. చూసుడు తప్పు కాదు. చూసి నోరు మూసుకున్నవు సూడు, గది తప్పు."

నేను పరుగెత్తి రాకపోతే ఏం చేసేవాడివని అడగాలనుకున్నాను. అడగలేదు. తాత పోయి పన్నెండేళ్ళయింది, ఇప్పటికీ ఆ ప్రశ్న నాలోనే ఉంది. ఆయన మసక కళ్ళ గురించి కూడా అప్పుడే నాకు తెలిసొచ్చింది. అంత దూరం నుంచి చెక్క మెత్తదనాన్నీ, నా మొహాన్నీ చూసినవాడికి మసకేమిటి?

నోట్‌బుక్కు తెచ్చుకుని పన్నెండోది రాశాను. మరునాడు బెంచీ మీద ఆ పిల్లకు అంతా చెప్పాను. తాత చెప్పమనలేదు. నేనే చెప్పాను. ఆమె మొహం తెల్లబోయింది. టిఫిన్ డబ్బా మూసుకుని వెళ్ళి వేరే బెంచీ మీద కూర్చుంది. నెల దాకా నాతో మాట్లాడలేదు, అది న్యాయమే. ఆ నెలంతా నా పక్కన ఖాళీ చోటు చూసుకుంటూ కూర్చున్నాను. తర్వాత ఒకరోజు, కుక్కపిల్ల పాదం కుంటుతోంది, ఒకసారి వచ్చి చూస్తావా, నీకైతే కనబడుతుంది అని అడిగింది. పోయి చూస్తే వేళ్ళ మధ్య పల్లేరు కాయ ముల్లు ఉంది. తీశాను. మేం ప్రాణస్నేహితులం కాలేదు. కానీ వాళ్ళ నాన్నకు బదిలీ అయి, అప్పటికి నా భుజం దాకా ఎదిగిన ఆ కుక్కతో సహా ఊరు వదిలిపోయేదాకా, ప్రతి శనివారం నేను వాళ్ళింటికి పోయి వచ్చేదాన్ని.

నా కుళ్ళు పోయిందని ఈ కథ రాయడం లేదు. అది పోలేదు. పోయిన నెల మా ఆడపడుచు జల్‌పల్లిలో కొత్త ఫ్లాటు కొనుక్కుంది. గృహప్రవేశానికి పోయాం. గుమ్మంలోకి అడుగు పెట్టగానే నాకు కడుపులో ఆ పాత మంటే లేచింది. ఆ వంటిల్లు, ఆ గాలి, ఆ వెలుతురు. నేను ఇంకా కిరాయి ఇంట్లోనే ఉన్నాను. మంట లేవగానే నా కళ్ళకు పని దొరికింది. అందరూ బాగుంది బాగుంది అంటూ తిరుగుతుంటే నాకు బాల్కనీ కడ్డీల మధ్య సందు కనబడింది. రెండేళ్ళ పిల్లాడి తల పట్టేంత సందు. వాళ్ళ చిన్నోడికి రెండేళ్ళు.

శుభమా అని వచ్చి ఈ మాట అంటే ఓర్వలేక వంక పెట్టిందంటారు. అది అబద్ధం కూడా కాదు. ఒక్క నిమిషం నిలబడి, ఆడపడుచును పక్కకు పిలిచి చెప్పాను. ఆమె మొహం ముడుచుకుంది. భోజనాల దగ్గర నాకు వడ్డించడానికి రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా కూతురు నా భుజం మీద తల పెట్టి, అత్త వాళ్ళిల్లు ఎంత బాగుందో కదమ్మా అంది. చాలా బాగుంది అన్నాను, నాకు ఏడుపొచ్చేంత బాగుంది. మూడో రోజు ఆడపడుచు ఫోన్ చేసింది. వేరే ఏదో మాట్లాడి, పెట్టేసే ముందు, బాల్కనీకి జాలీ కొట్టించాను వదినా అంది.